పదిహేడో నంబరు కాపీ

పన్నెండూ పదికి నేను ట్రైనింగ్ సెంటరు మెట్లెక్కాను. బాలల బోర్డు మూడింటికి కూర్చుంటుంది. మధ్యలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు. అందులో భోజనానికి వాటా లేదని అప్పుడే తేలిపోయింది.

సెంటరు డైరెక్టరు ఫోన్లో చెప్పింది నాలుగు ముక్కలే. పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె సెల్‌ఫోను దొంగిలించి దొరికిపోయింది. ఆ పిల్లని అమ్మమ్మ దగ్గరికి పంపాలా, హోముకి పంపాలా అన్నది బోర్డు తేల్చాలి. అందుకు బోర్డుకి ఆధారం ఒక్కటే. ప్రొబేషన్ ఆఫీసరు పిల్ల ఇంటికి వెళ్ళి, ఇరుగుపొరుగుని పలకరించి, బడిలో కనుక్కుని ఒక రిపోర్టు రాస్తాడు. దాన్ని ఇంటి రిపోర్టు అంటారు. ఈ పిల్లకీ రాశారు, ఇంటికి పంపమనే రాశారు. అంతా సవ్యంగా సాగిపోయేదే. కాని నిన్న బోర్డు గుమస్తా మాటవరసకి ఆ అమ్మమ్మని మా ఆఫీసరు మీ ఇంటికి ఏ రోజు వచ్చాడని అడిగాడు. మా ఇంటికి ఎవరూ రాలేదు బాబూ అందావిడ.

అక్కడ మొదలైంది గొడవ. సాయంత్రానికి విజిలెన్స్ వాళ్ళు దిగారు. రిపోర్టులో ఉన్న వాక్యాలన్నీ పొల్లుపోకుండా ఇంకొక చోట దొరికాయి. ప్రొబేషన్ ఆఫీసర్లకీ హోము సిబ్బందికీ ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న ట్రైనరు బీరువాలో దొరికాయి. అందరూ ఆవిడని పెద్దమేడమ్ అంటారు. బీరువా తాళంచెవి ఆవిడ దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర లేదు.

నేనిక్కడ ఒక మాట ముందే చెప్పేయాలి. పెద్దమేడమ్ విషయంలో నాకు పక్షపాతం ఉంది. చెంచాడు కాదు, కడివెడు ఉంది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా బడి హెడ్మాస్టరు గదిలో గోడగడియారం ఎత్తుకెళ్ళాను. మా అమ్మమ్మది తెల్లవారుజాము షిఫ్టు, రోజూ ఆలస్యమై చీవాట్లు తినేది. ఇంట్లో గడియారం ఉంటే వేళకి లేస్తుంది కదా అని నా తెలివి. నాలుగో రోజున పోలీసులు వచ్చి గడియారాన్నీ నన్నూ కలిపి తీసుకెళ్ళారు. అప్పుడు పెద్దమేడమ్ కొత్తగా చేరిన ప్రొబేషన్ ఆఫీసరు. నన్ను ఇంటికి పంపమని రాసింది ఆవిడే. ఆవిడ మా ఇంటికి వచ్చిన సంగతి మా అమ్మమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. "గొడుగు తీసి గుమ్మంలో పెట్టింది. బల్ల మీద కూచుంది. మంచినీళ్ళు తాగింది. నన్ను అమ్మా అంది." బోర్డు ముందు కూడా ఇదే చెప్పిందట. మా గడపలోకి ఆఫీసు మనిషి ఎవరైనా చెప్పులు విప్పి రావడం అదే మొదలు. నేను ఈ డిటెక్టివ్ వృత్తిలోకి వచ్చానంటే, ఒక మనిషి తలుపు తట్టి లోపలికొచ్చి నిజం చూసి వెళ్ళింది కనకే. ఆ గొడుగుని నేను ఎప్పుడూ చూడలేదు గాని, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

వరండాలో స్కేలు ఎదురయ్యాడు.

స్కేలు అంటే విజిలెన్స్ ఆఫీసరు. అరడుగు స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని తిరుగుతాడు, చదివిన ప్రతి లైను కిందా గీత గీస్తాడు. అందుకని మేమంతా ఆయన్ని అలా పిలుచుకుంటాం, ఆయనకీ తెలుసు. ఇంతకు ముందు మూడు కేసుల్లో ఇద్దరం తలపడ్డాం. రెండు నావి, ఒకటి ఆయనది. ఆ ఒకటి నాకింకా మింగుడుపడలేదు.

"మీరెందుకొచ్చారో అర్థమైంది డిటెక్టివ్ గారూ," అన్నాడు. "ఆవిడ మీకు బాగా కావలసిన మనిషి. కాని నేను ఉత్తరం రాసేశాను, మూడింటికి బోర్డుకి ఇస్తాను."

ఉత్తరంలో ఏముందో దాచలేదు. ఇంటి రిపోర్టు చెల్లదు, కనక పిల్లని ప్రస్తుతానికి హోముకి పంపాలి. పెద్దమేడమ్‌ని విధుల్లోంచి తప్పించాలి. అన్నింటికంటే పెద్దది మూడోది. ఈ ఏడాది ఆవిడ కింద శిక్షణ పొందినవాళ్ళు రాసిన రిపోర్టులన్నీ తిరగతోడాలి. వాటి బలంతో ఇళ్ళకి వెళ్ళిన నలభై ఒక్క మంది పిల్లల్ని మళ్ళీ బోర్డు ముందుకి పిలవాలి.

"ఆవిడకి పిల్లలందరూ ఇంటికి పోవాలండీ," అన్నాడు. "ఆ జాలితో రిపోర్టులు తనే రాసి కొత్తవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తోంది."

నేను రిపోర్టు అడిగి తీసుకున్నాను. మూడు పేజీలు. ప్రతి లైను కిందా ఆయనగారి గీత. మూడో పేజీ మధ్యలో ఈ వాక్యం ఉంది: "బాలిక తాను తీసుకున్న వస్తువును అమ్మే ప్రయత్నం చేయలేదు. ఇంటిలో గోడకు తగిలించి, ప్రతి ఉదయం దానికి కీ ఇచ్చేది."

ముందు నవ్వొచ్చింది. సెల్‌ఫోనుని గోడకి తగిలించి కీ ఇచ్చే పిల్లని నేనెక్కడా చూడలేదు. తర్వాత ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఆ కీ ఇచ్చింది నేను. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, మా అమ్మమ్మ ఇంట్లో, పొద్దున్నే బల్లెక్కి.

అంటే బీరువాలో ఉన్న ఫైలు నా కేసు. పేరు తీసేసి, ఇన్నేళ్ళుగా ఆవిడ దాన్నే పాఠంగా చెబుతోందన్నమాట. ఆ సంగతి స్కేలుకి చెప్పలేదు. కళ్ళు తుడుచుకోవడం ఆయన ముందు ఇష్టంలేక వాచీ చూసుకున్నాను. పన్నెండూ ఇరవై.

పెద్దమేడమ్ గది చిన్నది. బల్ల, మూడు కుర్చీలు, మూలన నల్ల గొడుగు. నేను వెళ్ళేసరికి ఆవిడ పాత కాగితాలు కట్టలు కడుతోంది. నన్ను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు బార్లా తెరిచి ఉంచింది. పిల్లల్ని ఎప్పుడూ తలుపు కనబడే కుర్చీలో కూర్చోబెట్టాలనీ, తలుపు మూయకూడదనీ ఆవిడ ట్రైనీలకి మొదటి గంటలోనే చెబుతుందట. నాకు నలభై రెండేళ్ళొచ్చినా ఆ కుర్చీయే దక్కింది.

నేను సూటిగా అడిగాను, ఆ రిపోర్టు ఎవరు రాశారని.

"మాటలు నావే," అంది.

"సంతకం మీది కాదు కదా."

"మాటలు నావేనమ్మా. ఇంకేం చెప్పను?"

ఎన్ని రకాలుగా అడిగినా అంతకు మించి రాలేదు. సంతకం పెట్టిన కుర్రాడి గురించి అడిగితే మాత్రం, వాడికి ఇరవై రోజుల పసిపాప ఉందని చెప్పింది. అడగని సంగతి చెప్పిందంటే నాకు ఏదో అందిస్తోందన్నమాట, లేదా నా చేతిలోంచి ఏదో లాక్కుంటోంది. లేచేటప్పుడు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఈవిడ కోసం కాకపోతే ఇంకెవరి కోసం పరిగెత్తాలి అనుకుంటూ గటగటా తాగాను.

కొత్త ఆఫీసరు కాన్ఫరెన్సు గదిలో ఉన్నాడు. ఎదురుగా స్కేలు. పాతికేళ్ళు మించవు అతనికి, గెడ్డం మాసిపోయింది, చొక్కా భుజం మీద పాలు కక్కిన మరక. నిద్రలేని మనిషిని మందలించడానికి నాకు మనసొప్పదు, కాని టైము పన్నెండూ నలభై.

ఇంటికి ఎప్పుడు వెళ్ళావని అడిగాను. రిపోర్టులో ఉంది కదా మేడమ్ అన్నాడు. ఆ ఇంటికి ఎన్ని మెట్లున్నాయని అడిగాను. నీళ్ళు నమిలాడు. రిపోర్టు ఎవరు రాశారని అడిగాను.

"అది మేడమ్ ఇచ్చిందేనండీ. మాదిరి రిపోర్టులో ఉన్నట్టే..." అని ఆగిపోయాడు.

"విన్నారుగా," అన్నాడు స్కేలు. "నిన్నటి నుంచీ ఇదే మాట. మేడమ్ ఇచ్చిందే. నేనేం పొడిగించలేదు."

నిజమే, ఆయన పొడిగించలేదు. కాని నా చెవిలో ఇంకొక మాట పడింది. అప్పటికి దాని అర్థం తెలియలేదు, చీటీ మీద రాసుకున్నాను. మాదిరి రిపోర్టు.

బీరువా ఉన్నది ట్రైనింగ్ హాల్లో. ఇరవై నాలుగు కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. బీరువా తాళానికి గీతలు లేవు, తలుపు మడతబందుల మీద దుమ్ము చెదరలేదు, పగలగొట్టిన ఆనవాళ్ళు ఎక్కడా లేవు. రెండో అరలో ఒకే రకం ఫైళ్ళు, వెనక ఎర్రసిరాతో నంబర్లు. నేను ఎంచాను. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అన్నీ ఉన్నాయి.

"ఒక్కటీ పోలేదు," అన్నాడు స్కేలు వెనకనించి. "నేనూ ఎంచాను. పోలేదు కనక ఎవరూ తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళలేదు కనక ఎత్తి రాసింది తాళంచెవి ఉన్న మనిషే. ఇంత తేలిక లెక్కకి మిమ్మల్ని ఎందుకు పిలిచారో నాకు తెలియదు."

లెక్క తేలిగ్గానే ఉంది. అయినా ఒప్పుకోక ఒక ఫైలు చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే అటెండరమ్మ కుర్చీలు సర్దడానికి వచ్చింది. నా చేతిలో ఉన్నది చూసి, "తప్పుల ఫైళ్ళా అమ్మా? జాగ్రత్తగా పెట్టండి, మేడమ్ వాటిని ప్రాణంలా చూసుకుంటుంది," అంది.

నేను అట్ట తిప్పి చూశాను. అట్ట మీద అచ్చక్షరాల్లో మాదిరి రిపోర్టు అని ఉంది. ఎక్కడా తప్పుల ఫైలు అని లేదు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను.

అటెండరమ్మ చీపురు గోడకి ఆనించి తీరిగ్గా చెప్పింది. శిక్షణ రెండు రోజులట. మొదటి రోజు సాయంత్రం పెద్దమేడమ్ తలా ఒక ఫైలు ఇచ్చి, ఇది మాదిరి రిపోర్టు, ఇంటికి తీసుకెళ్ళి చదువుకు రండి అంటుందట. ఇంకేమీ చెప్పదు. రెండో రోజు పొద్దున, ఎవరికైనా ఏమైనా తేడా కనిపించిందా అని అడుగుతుంది. ఒకరో ఇద్దరో చేతులెత్తుతారు. అప్పుడు అందరికీ ఎర్రపెన్సిళ్ళు పంచి, ఇది మాదిరే, ఎలా రాయకూడదో దానికి మాదిరి, ఇందులో పదకొండు తప్పులున్నాయి వెతకండి అంటుంది. "ఇక చూడాలి వాళ్ళ మొహాలు. మధ్యాన్నం దాకా ఒకటే నవ్వులు. ఆ రోజు నుంచీ ఎవరూ దాన్ని మాదిరి రిపోర్టు అనరు. తప్పుల ఫైలే."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. ఆవిడకి ఎందుకో అర్థంకాలేదు. ఈ వృత్తిలో నాకు దారి చూపించినవాళ్ళలో సగంమంది చీపురో చాయ్ గ్లాసులో పట్టుకున్నవాళ్ళే, వాళ్ళకి నేను ఎప్పుడూ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. ఈసారి చెప్పాను.

ఇరవై నాలుగు ఫైళ్ళూ నేల మీద పరిచాను. ప్రతి బ్యాచికీ కొత్త కాపీలు తీస్తారట, ఇవి కిందటి నెల బ్యాచి వాడినవి. ఒక్కొక్కటే తెరిచాను. ఒకటి, ఎర్రగీతలు. రెండు, ఎర్రగీతలు. మూడు, పక్కన ప్రశ్నార్థకం, ఎవరో వేసిన కోతి బొమ్మ. అలా పదహారు దాకా. పదిహేడు తెరిస్తే కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క గీత లేదు. పిన్ను పీకి మళ్ళీ కొట్టిన చోట నాలుగు బెజ్జాలు. మిగతా ఏడూ మళ్ళీ ఎర్రగీతలే.

రిజిస్టరులో పదిహేడో నంబరు ఎదురుగా కొత్త ఆఫీసరు పేరు. మొదటి రోజు సంతకం ఉంది. రెండో రోజూ ఉంది. కాని రెండో రోజు సంతకానికీ, పద్దెనిమిదో నంబరు సంతకానికీ చివర తోక ఒకే రకంగా మెలి తిరిగింది.

స్కేలు వంగి చూశాడు. చూసి నిటారుగా నిలబడ్డాడు. "గీతలు లేకపోతే ఏమిటండీ? బద్ధకస్తుడు అయుంటాడు. ఇది రుజువా?"

"ఒక్క నిమిషం. మీరు ఆ రిపోర్టు ఎన్నిసార్లు చదివారు?"

"నాలుగుసార్లు. లైను లైనుకీ గీత ఉంది చూడండి."

"మొదటి పేజీ అయిదో లైను పైకి చదవండి."

ఆయన స్కేలు ఆనించి గంభీరంగా చదివాడు. "సెప్టెంబరు ముప్పై ఒకటో తేదీన బాలిక గృహమును సందర్శించడమైనది."

"మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాడు. ఈసారి సగంలో గొంతు తగ్గింది. ఎడమచేతి పిడికిలి బిగించి, కుడిచేతి వేలితో కణుపులు ఎంచడం మొదలుపెట్టాడు. జనవరి, ఫిబ్రవరి. సెప్టెంబరు పల్లంలో పడింది. ఇంకొకసారి ఎంచాడు. నేను నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాను.

తర్వాత నేనే చదివాను. ఆదివారం నాడు బడికి వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడారు. మొదటి పేజీలో ఒంటిగది ఇల్లు, రెండో పేజీలో మేడమీద వేరే చదువుల గది. పక్కింటి ఇల్లాలు "బాలిక ప్రవర్తన సంతృప్తికరముగా ఉన్నది" అందట. ఏ పక్కింటావిడా పుట్టి బుద్ధెరిగి అలా మాట్లాడదు.

"ఈ తప్పుల్ని ఇరవై ఏళ్ళుగా ఎర్రపెన్సిలు ఇచ్చి దిద్దిస్తున్న మనిషి, బోర్డుకి పంపే కాగితంలో వాటిని అలాగే ఉంచుతుందా?" అన్నాను. "ఆవిడ రాసుంటే ముందు ఆ తేదీ మారేది. ఇవి తప్పులని తెలియనివాడే వీటిని దించాడు. మొదటి రోజు ఫైలు పుచ్చుకుని రెండో రోజు రాని మనిషి. ఇప్పటికీ దాన్ని మాదిరి రిపోర్టు అంటున్న మనిషి. పదకొండు తప్పులకి తోడు పన్నెండోది సొంతంగా చేర్చాడు, ఫోనుకి కీ ఇప్పించాడు."

ఆయన చేతిలోని స్టీలు స్కేలుని పక్క కుర్చీలో పెట్టేశాడు. ఓడినప్పుడు ఆయన మొహం చూడటానికి నాకెప్పుడూ ఇష్టమే, కాని ఆ పూట అంత రుచించలేదు. నాలుగుసార్లు చదివి గీతలు గీసిన మనిషి మొహం పాలిపోయి ఉంది.

ఒంటిగంటా ఇరవైకి కొత్త ఆఫీసరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఒకే ఒక్క ప్రశ్న.

"మేడమ్ ఇచ్చిందే అన్నావు. ఎప్పుడు ఇచ్చింది?"

తల దించుకున్నాడు. "ట్రైనింగ్ మొదటి రోజునండీ."

ఆపైన అంతా గడగడా చెప్పేశాడు. ఆ రాత్రే భార్యకి నొప్పులొచ్చాయి. రెండో రోజు ఆసుపత్రిలో ఉన్నాడు, పక్క కుర్చీ స్నేహితుడు సంతకం పెట్టేశాడు. వారం తర్వాత ఫైలు అటెండరమ్మకి తిరిగి ఇచ్చాడు, దానికి ముందు ఒక కాపీ తీసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత బోర్డు గడువు మీదకొచ్చింది. పాపకి కామెర్లు, ఇంక్యుబేటరు. పిల్ల ఇల్లు రెండు బస్సులు మారాలి. వెళ్ళలేదు. మాదిరి రిపోర్టు కదా, మంచిదే అయుంటుందని పేరు చేర్చి, వస్తువు మార్చి సంతకం పెట్టాడు. స్కేలు గారు నిన్న తన మాటని వేరేగా అర్థం చేసుకున్నారని తెలిసింది. సరిచేయడానికి నోరు పెగల్లేదు.

"మేడమ్ నన్ను ఒక్క మాట అనలేదండీ. పాప ఎలా ఉందని అడిగారు," అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

నేను డైరెక్టరుకి ఫోను చేశాను. ఆవిడ బోర్డుకి చేసింది. పిల్ల కేసు ఆఖరున, నాలుగున్నరకి పెడతామన్నారు. ఆలోగా అసలైన ఇంటి రిపోర్టు బల్ల మీదుండాలి.

పెద్దమేడమ్‌కి నేనే చెబుదామని పరిగెత్తాను. అప్పటికే చేతిసంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. అంతా విని, "వాడు చెప్పాడా? తనే చెప్పాడా?" అని రెండుసార్లు అడిగింది. తనే చెప్పాడన్నాక కుర్చీలో కూర్చుంది.

"అందుకేనా నోరు విప్పలేదు?" అన్నాను. "వాడి నోటితో రావాలనా? నలభై ఒక్క మంది పిల్లలు మేడమ్. నేను రాకపోతే?"

"రెండున్నర దాకా చూద్దామనుకున్నాను. అప్పటికీ వాడు చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని." చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. "కాని నోరు రాకపోవడానికి కారణం అదొక్కటే కాదు. నీకెప్పుడో చెప్పాల్సింది. ఆ ఫైలు నీదని పోల్చావు కదా?"

పోల్చానన్నాను. నా కథతో ఇన్ని వందల మందికి పాఠం చెప్పినందుకు, ఆ మాటకొస్తే నాకొక బతుకు ఇచ్చినందుకు, మీకెలా థాంక్స్ చెప్పాలో తెలియడంలేదన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట, చివరికి అలా గబగబా వచ్చేసింది.

"అందులో తప్పులు నేను కల్పించినవి కావమ్మా," అంది ఆవిడ. "నీ రిపోర్టులో నేను చేసినవే. పదకొండూ."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. డిటెక్టివ్‌ని అని చెప్పుకోవడం దండగ.

"ఆ వారం నా బల్ల మీద పంతొమ్మిది ఫైళ్ళు. మీ ఇల్లు ఊరి చివర. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను. బోర్డు రోజు పొద్దున కూర్చుని రాసేశాను. వెళ్ళని రోజుకి తేదీ ఏం వేస్తాను? తోచింది వేశాను. గడియారానికి కీ ఇచ్చావన్నది ఒక్కటే నిజం, అది నువ్వు నాతో చెప్పావు. దాన్నీ నేనే చూసినట్టు రాసుకున్నాను."

"మా అమ్మమ్మ..." అన్నాను. "మా అమ్మమ్మ చెప్పింది, మీరు వచ్చారనీ, గొడుగు..."

"బోర్డులో పెద్దాయనకి అనుమానం వచ్చింది. మీ ఇంటికి ఈ మేడమ్ వచ్చిందా అని అడిగాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. మీ అమ్మమ్మ నన్ను ఎన్నడూ చూడలేదు. ఒక్కసారి ఎగాదిగా చూసి, వచ్చింది బాబూ, గొడుగు గుమ్మంలో పెట్టింది, బల్ల మీద కూచుంది అని చెప్పింది. నాకప్పటికి గొడుగే లేదమ్మా."

బయట కారిడార్లో ఎవరో నడిచి ఆగారు. నేను తల తిప్పలేదు.

"తర్వాత బయట ఆవిడ చేతులు పట్టుకున్నాను, ఎందుకలా చెప్పారని. రాకుండానే ఇంత మంచిగా రాశావు, వచ్చుంటే ఇంకెంత బాగా రాసేదానివో, ఇక మీదట అందరి ఇళ్ళకీ వెళ్ళు అంది. ఆ సాయంత్రమే గొడుగు కొన్నాను. నువ్వు నాకు రుణపడ్డానని అనుకుంటున్నావు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను తీర్చుకుంటున్నది మీ అమ్మమ్మ రుణం."

కోపం రావాలి. వెతుక్కున్నాను, రాలేదు. మా అమ్మమ్మే కళ్ళ ముందు నిలబడింది. ఏనాడూ నా దగ్గర కూడా పెదవి విప్పలేదు, ఆ గొడుగుని నాకోసం చివరిదాకా పట్టుకునే ఉంది. పెద్దమేడమ్ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"తలుపు తీసుంది," అన్న గొంతు వినిపించింది.

గుమ్మంలో స్కేలు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో అడగక్కర్లేదు, మొహం చెబుతోంది. చేతిలో తెరిచిన నోటుపుస్తకం ఉంది. పెద్దమేడమ్ లేచి నిలబడింది. ఇంటికి వెళ్ళకుండా రిపోర్టు రాసిన మనిషి ట్రైనరుగా ఉందని ఆయన ఒక్క లైను రాస్తే చాలు. నలభై ఒక్క మంది పిల్లలూ మళ్ళీ బోర్డు మెట్ల మీదుంటారు.

"డిటెక్టివ్ గారూ, మీ కేసు నాటి విచారణలో సాక్షి మీ అమ్మమ్మ గారే కదూ?"

"అవును."

"ఇప్పుడు ఉన్నారా?"

"పోయి ఆరేళ్ళయింది."

"ఇంటి తనిఖీ గురించి ఆవిడ బోర్డుకి ఏం చెప్పారు? మీకు తెలిసింది చెప్పండి, రాసుకుంటాను."

నేను నా వృత్తిలో ఇంతవరకూ అబద్ధపు వాంగ్మూలం ఇవ్వలేదు. ఆయనకీ తెలుసు. ఆయన అడిగిన తీరు చూస్తే, ఆ ప్రశ్నని ఆచితూచి అల్లినట్టు తోచింది. జరిగిందేమిటని అడగలేదు. ఆవిడ ఏం చెప్పిందని అడిగాడు.

"మేడమ్ వచ్చిందని చెప్పింది," అన్నాను. "గొడుగు తీసి గుమ్మంలో పెట్టింది. బల్ల మీద కూచుంది. మంచినీళ్ళు తాగింది. తనని అమ్మా అని పిలిచింది."

ఆయన అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. అలవాటుగా స్కేలు కోసం జేబులోకి చెయ్యి పోయింది, ఖాళీగా బయటికొచ్చింది. "సాక్షి వాంగ్మూలం ఉన్నాక నేను అడగాల్సింది లేదు," అన్నాడు. "నా ఉత్తరం చించేస్తున్నాను. ఆ కుర్రాడు మాత్రం సంజాయిషీ రాసివ్వాలి, దానికి మాఫీ లేదు." రెండడుగులు వేసి ఆగాడు. "మేడమ్, వచ్చే బ్యాచిలో నాకో కుర్చీ ఉంచండి. రెండు రోజులూ వస్తాను."

థాంక్స్ అన్నాను. ఆ మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఈ కేసు ఆయన గెలిచినట్టే, లెక్క రెండూ రెండు అయింది, అయినా బాధ వేయలేదు.

పెద్దమేడమ్ మూలనున్న గొడుగు తీసుకుంది. కొత్త ఆఫీసరుని ముందు సీట్లో కూర్చోబెట్టి నేనే కారు నడిపాను.

రెండూ ఇరవై అయిదుకి ఆ ఇల్లు చేరాం. నాలుగు మెట్లు, ఒంటిగది, తీసున్న తలుపు. లోపలినించి ముసలావిడ ఎవరమ్మా అంటూ వచ్చింది. పెద్దమేడమ్ కుర్రాడి వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది. అతను చెప్పులు విప్పాడు.

"ప్రొబేషన్ ఆఫీసరునండీ అమ్మా," అన్నాడు. "రావలసిన రోజు రాలేదు. ఇప్పుడొచ్చాను."

ఆవిడ అతన్ని కాసేపు చూసి, పక్కకి జరిగి దారిచ్చింది. అతను నోటుపుస్తకం తెరిచి, గోడ మీది కేలండరు చూసి తేదీ వేశాడు. వెనకనుంచి పెద్దమేడమ్ గొడుగు ముడిచి గుమ్మంలో పెట్టింది. నేను మెట్ల మీదే నిలబడిపోయి దాన్ని చూస్తున్నాను. నల్లది, కర్రపిడి, ఒక పుల్ల కొంచెం వంగింది.

"నువ్వూ రా అమ్మా, ఎండలో ఎందుకు," అంది ముసలావిడ, మంచినీళ్ళ గ్లాసుతో.